బాగున్న రోజున బోర్డు ముందు

2003లో నేను పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ని. మందు రాయడం డాక్టర్ల పని. ఆ మందు ఇంట్లో మింగుతున్నారా, సర్కారు సాయం ఏమైనా దొరుకుతుందా అని చూడడం నా పని. మాది గుంటూరు వైపు, కాపురం మలక్‌పేటలో. దిగులును ఇక్కడ ఫికర్ అంటారని ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను. అసలే కంగారు మనిషిని, ఆ మాట నాకు అతికినట్టు సరిపోయింది.

సువర్ణ ఫలక్‌నుమా దగ్గర కార్ఖానాల్లో లక్కగాజులకు రాళ్లు అతికించేది. మంచి పనిమంతురాలు. కానీ నెలసరి దగ్గర పడేసరికి మనిషి మారిపోయేది. పట్టరాని కోపం, ఆగని ఏడుపు, బతకడం దండగన్న ఆలోచన. నెలసరి మొదలైన ఒకటి రెండు రోజులకు మళ్లీ మామూలే. ఒక కార్ఖానాలో గాజుల ట్రే ఎత్తి నేలకేసి కొట్టింది. ఇంకోచోట పనంతా వదిలేసి రోజంతా ఏడ్చింది. ఎక్కడా ఉంచుకోలేదు. "ఆడవాళ్లందరికీ ఉండేదేగా" అని మా ఆసుపత్రిలోనే చాలామంది తేలిగ్గా తీసేశారు. నాకు ఒళ్లు మండేది. మా డాక్టరుగారు మాత్రం దీన్ని పీఎండీడీ అంటారని, నెలసరికి ముందు వచ్చే తీవ్రమైన మానసిక రుగ్మత అని చెప్పి మాత్రలు మొదలుపెట్టారు. అవి బాగానే పనిచేశాయి గానీ, అప్పటికే పేరు పడిపోవడంతో కార్ఖానాల్లో పని దొరకడం కష్టమైంది.

మానసిక రోగానికి కూడా వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తారు, అది వస్తే పింఛనుకు దారి దొరుకుతుంది. పని పోయిన నెలల్లో అదే ఆసరా. భర్త యాదగిరి నడిపేది కిరాయి ఆటో. అందుకని దరఖాస్తు పెట్టించాను. వైకల్యం ఎంత శాతమో తేల్చేది మెడికల్ బోర్డు, అంటే కొందరు డాక్టర్లు కూర్చుని మనిషిని చూసే ఏర్పాటు. కనీసం నలభై శాతం ఉంటేనే సాయం.

బోర్డు రోజున సువర్ణను చూడగానే ఇక సర్టిఫికెట్ రాదనుకున్నాను. పెళ్లినాటి పట్టుచీర, తలనిండా కనకాంబరాలు, చేతులనిండా గాజులు. ఆఫీసర్ల ముందుకు పరువుగా వెళ్లాలని అత్తగారు దగ్గరుండి ముస్తాబు చేసిందట. పైగా అవి ఆమెకు బాగుండే రోజులు.

"ఏమ్మా, ఎలా ఉన్నావు?" అని అడిగారు బోర్డులోని పెద్ద డాక్టరు.

"మంచిగున్న సార్," అంది నవ్వుతూ.

పెద్దవాళ్లు అడిగితే మరేమంటుంది? నేను కల్పించుకుని కేసు షీటు ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు, ఓపిగ్గానే చదివారు. "కళ్లెదుట ఇంత బాగున్న మనిషికి శాతం ఎలా వేయనమ్మా? బాగోలేనప్పుడు తీసుకురండి," అన్నారు.

ఆ మాట యాదగిరి విన్నాడు.

మళ్లీ బోర్డు కూర్చున్నది ఆమె నెలసరికి ముందు రోజుల్లో. ఆ పొద్దున్నే అతను రొప్పుకుంటూ నా గదిలోకి వచ్చాడు.

"మేడం, సువర్ణ గిటు వచ్చిందా?"

"మీరు తీసుకురావాలి కదా?"

"పొద్దుగాల మస్తు లొల్లి జేసింది. ఆటో దెచ్చేసరికి ఇంట్ల లేదు."

నాకు అనుమానం వచ్చింది. "మాత్రలు వేసుకుంటోందా?"

అతను తలెత్తలేదు. "ఈ నెల బంద్ పెట్టిచ్చిన మేడం. సారే అన్నడు గద, బాగలేనప్పుడు తెమ్మని. గోలీలేస్తే మంచిగైతది. మంచిగుంటే సర్టిఫికెట్ రాదు. ఒక్క నెలకు ఏమైతదిలే అనుకున్న."

తిట్టబోయి ఆగాను. మేం పెట్టిన షరతునే అతను పాటించాడు. నా భయం వేరే ఉంది. 'ఆ దినాలల్ల రైలు చప్పుడింటే కాళ్లు అటే పోతయ్ మేడం' అని సువర్ణ ఒకసారి నాతో అంది.

"ఆటో తీయండి, ఫలక్‌నుమా రైల్వే స్టేషన్‌కి పోనివ్వండి," అన్నాను.

మాదన్నపేట మార్కెట్ దగ్గర కూరగాయల బండ్లు అడ్డం. నేను ఆటోలోంచి తల బయటపెట్టి అరుస్తూనే ఉన్నాను. యాదగిరి హారన్ మీంచి చెయ్యి తీయలేదు. "ఎంత పని జేసిన, ఎంత పని జేసిన" అని తనలో తాను అనుకుంటున్నాడు. నేను మొక్కని దేవుడు లేడు.

ఫలక్‌నుమా స్టేషన్‌లో, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఉంది. కాళ్లకు చెప్పులు లేవు, జుట్టు విరబోసుకుని ఉంది. రెండు చేతులతో బెంచీ అంచును గట్టిగా పట్టుకుంది. పక్కన కూర్చున్నాను.

"కాళ్లు ఈడికే వచ్చినయ్ మేడం. అందుకే బెంచి ఇడవలే," అంది.

యాదగిరి ఆమె పాదాల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆమె అతన్ని చూడలేదు, నన్నే చూసింది.

"గిప్పుడు బోర్డుకు తీస్కపోండ్రి మేడం. గిప్పుడైతే నమ్ముతరు."

ఇంకా టైముంది. వెళితే బహుశా నమ్మేవాళ్లే. యాదగిరే కళ్లు తుడుచుకుని లేచాడు.

"వద్దు. డాక్టర్ సాబ్ దగ్గర్కే పోదాం. గోలీలు ఇప్పిద్దాం. నడువు."

బోర్డు గదిలో అటెండరు ఆమె పేరు పిలుస్తుండగానే మేం ఆగకుండా ఆ గుమ్మం ముందునుంచే డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం.

తర్వాత నేనెంత తిరిగినా నలభై శాతం రాలేదు. సువర్ణ మాత్రలు మానకుండా, ఇంట్లోనే గాజుల పని చేసుకుంది. నేను మాత్రం ఒకటి నేర్చుకున్నాను. రోగాన్ని కళ్లారా చూస్తేగానీ నమ్మం అని అంటే, జనం దాన్ని ఎలాగైనా తెచ్చి చూపిస్తారు. అప్పటి నుంచి ఎవరిని బోర్డుకు తీసుకెళ్లినా, ముందు ఇంటివాళ్లను పక్కకు పిలిచి "మందులు ఆపలేదు కదా?" అని అడిగేదాన్ని. ఎంతమంది తల దించుకున్నారో చెబితే మీరు నమ్మరు.