పేజీల్లో ఖాళీ

నా భార్య పోయి ఏడాదైంది. ఆమె రావులపాలెంలో డిగ్రీ విద్యార్థులకు డేటాబేస్ పాఠాలు చెప్పేది. ఆమె ఎలాంటిదని ఎవరైనా అడిగితే నాకు ఒక వేసవి ఉదయం గుర్తొస్తుంది.

మండపేట వైపు నుంచి ఒక పెద్ద రైతు లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఏ వరి విత్తనం ముంపులో ఎన్ని రోజులు నిలిచిందో ఇరవై సార్వా పంటలుగా ఆయన రాసుకున్నదంతా అందులో ఒకే ఫైలు. పాత నోటుపుస్తకాలను చెదలు తినేశాయి. వారంలో నారు పోయాలి. ఫైలు తెరుచుకోవడం లేదు.

"ఏం చేశారు బాబాయ్ గారూ?" అంది నా భార్య.

"ఏం లేదండి. లోపల చూస్తే ఎక్కడికక్కడ సున్నాలే. కాసిని తీసేశాను. సెంటు నేల ఊరికే వదలం కదండీ, ఇదేంటి ఇంత బీడు?"

"బీడు కాదండీ, రేపటి రాతలకు ఉంచిన చోటు. మీ చేతికి కత్తెర ఎవరిచ్చారు?"

"మా మనవరాలు తెరవడం వరకే చెప్పిందండి. కోత నాదే."

ఆమె నవ్వి, ఓపిగ్గా చెప్పింది. ఫైలంతా ఒకే కొలత పేజీలు. ఒక్కోటి నాలుగు వేల తొంభై ఆరు బైట్లు. మూడో పేజీ కావాలంటే కంప్యూటరు వెతకదు. రెండు పేజీల కొలత దాటి అక్కడే చదువుతుంది. ఖాళీ పోవడంతో వెనుక పేజీలన్నీ ముందుకు జరిగాయి. అది చదివే చోట ఇప్పుడు పేజీ మొదలు లేదు.

"అయితే నా రాతలు పోయినట్టేనా అమ్మా?"

ఆమె లాప్‌టాప్ దగ్గరకు లాక్కుంది. ముందు ఫైలుకు నకలు తీసింది. ప్రతి పేజీ మొదట ఉండే గుర్తును పట్టుకుని, ఎన్ని బైట్లు తగ్గాయో కాగితం మీద లెక్కవేసి, తీసిన చోటే అన్ని సున్నాలు పెట్టింది. నాలుగు పేజీలు సరిచేసినా ఫైలు తెరుచుకోలేదు. నేనిచ్చిన కాఫీ ఆయన అందుకోలేదు.

"ఇంకెక్కడైనా కోశారా? నిజం చెప్పండి."

"చివర్లో కొంచెం అండి. తిడతారేమోనని..."

ఐదోది నిండాక ఫైలు తెరుచుకుంది. ఒక్క రాత కూడా పోలేదు. ఆయన తెర దగ్గరకు వంగి చదువుకుని, ఇంటికి ఫోన్ చేసి ఏ బస్తా నానబెట్టాలో చెప్పారు.

వెళ్తూ గుమ్మం దగ్గర నన్నడిగారు, "మీరూ ఇదే పనాండి?"

"కాదండి," అన్నాను. "నేను ఆవిడ భర్తని."