దోమతెరకు అతుక్కున్న పట్టుకాగితం

పోయిన వేసవిలో గద్వాలలో స్నేహితురాలు శిరీష పెళ్లి. పట్టుకాగితంతో దీపానికి తొడుగు చేసిస్తానని మాటిచ్చాను. మగ్గాల దగ్గర మిగిలిన పట్టు పీచును నానమ్మ దోమతెర మడతలో పరిచి, జిగురునీళ్లు పట్టించి, పీచంతా కాగితంలా అతుక్కోవాలని ఎండబెట్టాను. బాగా ఆరాక తెర నుంచి ఒలవాలని నేను చూసి చేస్తున్న చేతిపనుల పుస్తకంలో ఉంది. మన ఎండ సంగతి రాసినవాళ్లకేం తెలుసు! తెల్లారితే పెళ్లి, పట్టేమో తెరను వదలదు.

"ఏందే గిది? తెరకు గడ్డం మొలిచిందా?" అంది నానమ్మ.

విసిగిపోయి, తెరతో సహా కత్తిరించి తీగ చట్రానికి చుట్టేశాను.

పెళ్లిలో శిరీష దీపం వెలిగిస్తే, తెర అల్లిక తొడుగు నిండా గళ్లుగా మెరిసింది. ఆమె "ఈ గళ్లు ఎట్ల తెచ్చినవే?" అని మురిసింది.

"తెచ్చుడేంది, నా దోమతెర కోసింది!" అంది నానమ్మ, అందరికీ వినబడేలా. పందిరంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా శిరీష ఆ దీపాన్ని ఒళ్లో పెట్టుకునే అత్తవారింటికి వెళ్లింది. ఇప్పుడు చెడిన పనిని పారేసే ముందు ఒకసారి వెలుతురుకు పట్టి చూస్తాను.