ముందుకు తొక్కితే వెనక్కి వెళ్లిన సైకిలు

అనకాపల్లి మొత్తంలో ముందుకు తొక్కుతూ వెనక్కి ప్రయాణం చేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అందుకు ఇద్దరు రైతులూ ఒక ఆవూ సాక్ష్యం. ఆ మనిషిని నేనే. ఆ ఘోరానికి కారణం మెకానిక్ సన్యాసి అని ఊళ్లో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. అలా అనుకునేలా చేసిందీ నేనే. ఆ మాట సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను. మీరు మధ్యమధ్యలో నవ్వుకోవచ్చు. ముద్దాయిని కాబట్టి నేను మాత్రం నవ్వకుండా చెబుతాను.

అప్పటికి నాకు ముప్పై మూడేళ్లు. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర గుమస్తాని. రోజంతా కూర్చుని దిమ్మలు తూయించడమే పని కాబట్టి, నా పొట్ట కూడా ఓ దిమ్మలాగే గుండ్రంగా తయారైంది. సన్యాసి మా ఆవిడ పార్వతికి పెదనాన్న కొడుకు. స్టేషను రోడ్డులో సైకిలు షాపు. నాకు బావ, అతనికి నేనూ బావనే.

ఒక సాయంత్రం అతని షాపులో ఓ కాగితం అతికించి ఉంది. ఏజెన్సీ కొండల్లో సైకిల్ రేసు. మూడు ఘాట్లు ఎక్కి దిగాలి, దారంతా కంకర. విశాఖ నుంచి ఎవరో సైకిల్ క్లబ్బు వాళ్లు పెడుతున్నారట.

"ఇదెంత బావా, నేను తొక్కీగలను" అన్నాను. టీ వేడిగా ఉంది, నోరు ఊరికే ఉండదు కదా.

"నువ్వా? మొన్న రైలు బ్రిడ్జీ ఎక్కడానికి దిగి నడిచినోడివి నువ్వు కాదేటి?"

"ఆ రోజు ఎండ ఎక్కువ."

"ఆ రోజు వానపడ్డాది బావా."

అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ షాపులో మరో నలుగురున్నారు, నలుగురూ నవ్వారు. నేను పేరిచ్చేశాను.

సన్యాసి మాత్రం నవ్వడం మానేసి ఆలోచనలో పడ్డాడు. క్లబ్బు వాళ్లకి ఈ చుట్టుపక్కల ఒక మెకానిక్ కావాలట. రేసులన్నింటికీ వెంట తీసుకెళ్తారట. "నువ్వు తయారుచేసిన సైకిలు ఒకటి ఆ మూడు ఘాట్లూ దాటితే చాలు, పని నీదే" అని వాళ్ల పెద్దాయన మాటిచ్చాడట.

"నువ్వు ఆకర్న వచ్చినా ఫర్నేదు బావా. సైకిలు మాత్రం గీత దాటాల. దానిమీద నా పేరుంటాది" అన్నాడు.

పదిహేను రోజులు కూర్చుని, పాత గేర్ల సైకిలు ఒకటి విప్పి మళ్లీ కొత్తగా పుట్టించాడు. ఫ్రేము మీద తన చేత్తో ఎర్ర పెయింటుతో 'సన్యాసి' అని రాసుకున్నాడు.

ఇక నా సాధన. సన్యాసి వైద్యం సులువు: వెనక క్యారేజీ మీద బరువు కట్టుకుని, కశింకోట అవతలున్న క్వారీ గుట్ట రోజూ ఎక్కాలి. రేసు రోజున బరువు తీసేస్తే సైకిలు గాల్లో తేలుతుంది.

"ఇసక మూట కట్టుకో బావా" అన్నాడు.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. అది పనిచేసిన ప్రతిసారీ ఎవరో ఒకరికి నష్టం. ఇసక మూట బరువెంతో ఎవడికి తెలుసు? బెల్లం మార్కెట్ మనిషికి బరువంటే దిమ్మే. కాటా ఎక్కిన దిమ్మకి తూకం ఖాయం, ఆకారం ఖాయం, కట్టుకోవడానికీ వీలు. చెమ్మ పట్టి మెత్తబడిందని వ్యాపారులు పక్కన పెట్టేసిన దిమ్మలు రెండు అడిగి తెచ్చుకున్నాను. గోనె సంచుల్లో వేసి అటొకటీ ఇటొకటీ కట్టాను. మెత్తబడిన బెల్లం తడి తగిలితే పాకమై కారుతుందని అనకాపల్లిలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. అయితే ఆ తెలివి నాకు కాటా దగ్గర కూర్చున్నప్పుడే ఉంటుంది. సైకిలెక్కితే దిగిపోతుంది.

దిమ్మలు చూసి సన్యాసి మొహం చిట్లించాడు. "ఇదేటి బావా, రేసుకెల్తన్నావా, సంతకెల్తన్నావా?"

"బరువు బరువే కదా బావా."

"ఇసక కరగదు. ఇది కరుగుద్ది."

"ఎండలు కాస్తున్నాయి, ఎందుకు కరుగుద్ది?"

నిజంగానే నెల రోజులు ఎండలు కాశాయి. గుట్ట ఎక్కాను, దిగాను, ఆయాసపడ్డాను, పొట్ట రెండు వేళ్లు తగ్గింది. రేసుకి ముందు రోజు ఉదయం సన్యాసి సైకిలంతా విప్పి, తుడిచి, నూనె పెట్టి అప్పగించాడు.

"రేపటిదాకా దీన్ని ముట్టుకోకు. బరువు కట్టకు. అసలు దీనికేసి సూడకు" అన్నాడు.

మధ్యాహ్నానికి వాయుగుండం ముసురు మొదలైంది. నాకు భయం పట్టుకుంది. ఒక్క రోజు మానేస్తే నెల కష్టం పోతుందేమో! చివరిసారి ఒక్కసారే అనుకుని దిమ్మలు కట్టుకుని గుట్టకి బయల్దేరాను. తిరిగొచ్చేసరికి గోనెల్లోంచి పాకం కారుతోంది. వెనక చక్రం మధ్యలో గొలుసు తగిలే పళ్లచక్రం ఉంటుంది చూడండి, ఫ్రీవీల్ అంటారు, అది మొత్తం బెల్లంలో ముంచి తీసినట్టుంది.

సన్యాసి దగ్గరికి పరిగెత్తాల్సింది. తిట్లకి భయపడ్డాను. పార్వతి స్నానానికి కాచిన వేడినీళ్ల బిందె తెచ్చి చక్రం మీద గుమ్మరించాను. పైకి శుభ్రంగా మెరిసింది. వేడినీళ్లు పాకాన్ని కడగలేదనీ, పల్చగా చేసి మరింత లోపలికి పంపాయనీ నాకప్పుడు తోచలేదు. పైన రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి, నా తెలివికి నేనే మురిసి పడుకున్నాను.

తెల్లారి పార్వతి కేక. "ఏటండీ, మీ సైకిలికి సీమలు పట్టేయి!"

చూస్తే వరండా గోడ నుంచి వెనక చక్రం దాకా చీమలు బారులు తీరి ఉన్నాయి. రేసుకి వాటికి నాకంటే ముందే పిలుపు వచ్చినట్టుంది.

"అన్నియ్యకి ఓపాలి సూపించండి" అంది.

"సీమలకి కూడా మెకానిక్కేటి?" అని గుడ్డతో దులిపేశాను.

రేసు మొదలయ్యే చోట సన్యాసి కొత్త చొక్కా వేసుకుని క్లబ్బు పెద్దాయన పక్కన నిలబడ్డాడు. "మా బావండి. సైకిలు నేనే సేసేనండి" అని చెబుతున్నాడు. పెళ్లికొడుకుని చూపించినట్టు నా సైకిలుని చూపించాడు.

మొదటి ఘాటు బ్రహ్మాండంగా ఎక్కాను. నిజం చెప్పాలంటే నాకే ఆశ్చర్యం వేసింది. నా వెనక ఇంకా ఏడుగురున్నారు! పైకెక్కి, తొక్కడం ఆపి, కంకరలో జారుకుంటూ దిగాను. మామూలుగా దిగేటప్పుడు ఫ్రీవీల్ టకటకమని చప్పుడు చేస్తుంది. నాది చడీచప్పుడూ లేకుండా తిరిగింది. ఎంత మెత్తగా ఉందో అని సంతోషించాను కూడా. లోపల పట్టు పట్టాల్సిన చిన్న ఇనప ముక్కలు ఎండిన పాకంలో అతుక్కుపోయి, నోరు మూసుకున్నాయని నాకేం తెలుసు?

రెండో ఘాటు ఎత్తు మొదలైంది. బలంగా తొక్కాను. పెడళ్లు గిర్రున తిరిగాయి. గొలుసు తిరిగింది. చక్రం తిరగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. సైకిలు ఒక క్షణం ఆలోచించుకుని, వెనక్కి బయల్దేరింది.

తొక్కడం ఆపితే బాగుండేది. కానీ వెనక్కి పోతున్నవాడికి ముందుకు తొక్కాలనే కదా అనిపిస్తుంది! కాళ్లు అలా చక్కెరమిల్లు యంత్రాల్లా ఆడుతుంటే, నేను వెనక్కి వెళ్లి వెళ్లి మలుపు దగ్గర పచ్చగా పూసిన వలిసె చేలో పడ్డాను.

చేలో పని చేసుకుంటున్న మొగుడూ పెళ్లాలు లేచి నిలబడ్డారు.

"ఏటి బాబూ, ఎటెల్తన్నావు?" అన్నాడు అతను.

"రేసుకి."

"మరి మిగతావోల్లందరూ అటెల్లినారు?"

ఇంతలో వాళ్ల ఆవు వచ్చి, పడి ఉన్న సైకిలు దగ్గర తల వంచి, వెనక చక్రాన్ని శ్రద్ధగా నాకడం మొదలుపెట్టింది. పళ్లచక్రం ఒక్కొక్క పన్నూ వదలకుండా.

"మా ఆవుకి నీ సైకిలు తెగ నచ్చినాది బాబూ" అని ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నాకు అంతా అర్థమైంది. ఆ ఆవు నాలుక చాలు.

అదే సమయానికి క్లబ్బు జీపు వచ్చింది. పెద్దాయన దిగి, "ఏమైంది?" అని అడిగాడు. బెల్లం అనే రెండక్షరాలు చెబితే సరిపోయేది. నేను బట్టలు దులుపుకుని, "ఫ్రీవీల్ అండీ. మెకానిక్ సరిగా బిగించలేదు" అన్నాను.

ఆయన ఫ్రేము మీదున్న ఎర్ర అక్షరాలు చదివి, తల ఊపి, జీపెక్కాడు. సన్యాసిని మళ్లీ పిలవలేదు.

ఊళ్లోనూ అదే మాట చెప్పాను. ఒకసారి అన్న అబద్ధాన్ని రెండోసారి మార్చడం ఘాటు ఎక్కడం కంటే కష్టం. సైకిలు తీసుకెళ్లి షాపులో పడేస్తే సన్యాసి దాన్ని గోడకి ఆనించాడు. టీ తెప్పించాడు. ఆ రోజు నుంచి ఓ చిన్న మార్పు. అతని షాపులో నాకిచ్చే టీలో పంచదార ఉండేది కాదు. పక్క బంకుకి కేకేసి "మూడు టీలు, ఒకటి సప్పగా!" అనేవాడు. నా పొట్ట మీద బావకి ఎంత శ్రద్ధో అనుకుంటూ, ఏళ్ల తరబడి ఆ చప్పటి టీ తాగాను.

ఈ మధ్య ఒకరోజు షాపులో కూర్చున్నాను. ఒకాయన ఖరీదైన గేర్ల సైకిలుతో వచ్చి, సన్యాసిని పరకాయించి చూసి, "అప్పట్లో రేసు సైకిలు పాడుచేసింది మీరే కదూ?" అని, సైకిలు ఇవ్వకుండానే వెనక్కి తిప్పుకున్నాడు. సన్యాసి తలెత్తలేదు. చేతిలో ఉన్న చక్రం పుల్లలు బిగించుకుంటున్నాడు. జుట్టు తెల్లబడింది. ఆ మాట అతను ఎన్నిసార్లు విని ఉంటాడో!

"ఆగండి! అది ఆయన కాదు. నేను. బెల్లం" అన్నాను.

"బెల్లమా?"

గోనె సంచులూ, వేడినీళ్లూ, చీమలూ, ఆవూ అన్నీ చెప్పేశాను. ఆయన నవ్వి నవ్వి సైకిలు షాపులోనే వదిలేసి వెళ్లాడు. సన్యాసి లేచి, అరలోంచి ఓ తుప్పు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అందులో ఆ ఫ్రీవీల్. లోపలంతా నల్లటి ముద్ద.

"నీకు తెలుసా బావా?"

"నువ్వు తెచ్చిననాడే ఇప్పేను. నాకి సూసేను. రెండో రకం సరుకు, సెమ్మ పట్టినాది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎనక్కెల్లినావని అప్పటికే ఊరంతా నవ్వుతాంది. నేనూ సెప్తే పారొతి మొకమెక్కడ ఎట్టుకుంటాది? నువ్వే సెప్తావని సూసేను. సూత్తానే ఉన్నాను."

"అయితే ఆ చప్పటి టీ..."

"నీకు తీపి సాలినంత అయిపోనాది కదా అని!" బంకు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు. "రెండు టీలు! బావకి ఇయ్యాల పంచదార రెండు సెంచాలు ఎక్కువెయ్యి!"

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దు బావా. పోయిన నెలే డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు."

సన్యాసి నవ్వు స్టేషను దాకా వినపడి ఉంటుంది.

శిక్షగా ఈ సంగతంతా రాసి షాపు తలుపుకి అతికించమన్నాడు. అతికిస్తున్నాను. ఇందుమూలంగా నేను, ఒళ్లు దగ్గర పెట్టుకుని, పార్వతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో సైకిలు మీద ఇసక తప్ప ఇంకేదీ కట్టను, నా తప్పుని ఇంకొకరి పేరు మీద బిగించను, ఆవు నాకి చూడని ఏ సైకిలునీ బాగుందని నమ్మను.