రక్తం తీసిన ఇళ్లకు తిరిగి వెళ్లిన సిస్టరమ్మ

ఆదివారం సాయంత్రం బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. సిస్టరమ్మ పోయారు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. తెనాలిలో మా ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక సొంతూళ్లో ఉంటున్నారు.

కొన్నేళ్ల కిందట మా ఆసుపత్రి, విదేశంలోని ఒక పెద్దాసుపత్రి కలిసి నిజాంపట్నం మత్స్యకారుల కిడ్నీలు, షుగరు పరీక్షించే పని పెట్టుకున్నాయి. రక్తం నేను తీసేవాణ్ణి. ఎందుకు తీస్తున్నామో ఆమె చెప్పేవారు. మొదటి రోజు ఏమీ తినకుండా రమ్మన్నాం. వరసలో ముందున్న పెద్దాయన మీసానికి బన్ను ముక్క అంటుకుని ఉంది.

"ఏంటి బాబాయ్, తినొద్దన్నాం కదా?"

"తిన్లేదమ్మా, టీ తాగా."

"మరి ఈ బన్ను?"

"టీలో నానిపోయాక ఇంక తినేదేముందమ్మా? తాగడమే!"

"అట్టా నాలుగు తాగాడులే," అంది వెనక నిలబడ్డ ఆయన భార్య. అందరూ నవ్వారు. విచారిస్తే సగం మంది టీ తాగే వచ్చారు. ఆ రోజు ఊరికే తిరిగొచ్చాం.

మర్నాడు రక్తమిస్తూ పెద్దాయన అడిగాడు. "ఇది ఏ దేశం పోద్దో గానీ, మళ్లీ మాకు కబురొచ్చిద్దా అమ్మా?"

"వచ్చిద్ది బాబాయ్. నేను తెస్తాగా."

అది ఆమె చేతిలో లేదు. సీసాల మీద అంకెలే గానీ పేర్లుండవు. పరిశోధన పూర్తయ్యేదాకా ఎవరి ఫలితం ఎవరిదో చూడకూడదని రెండు ఆసుపత్రుల ఒప్పందం. ఫలితాలు వాళ్లకు చెప్పనివ్వమని ప్రతి వీడియో సమావేశంలోనూ ఆమె అడిగేవారు. ముందు పరిశోధనలకు అనుమతిచ్చే మీ కమిటీ ఒప్పుకోవాలని విదేశం వాళ్లు, ముందు వాళ్ల కమిటీ ఒప్పుకోవాలని మా వాళ్లు. "రేపల్లె బస్టాండులో నన్ను ఆపి అడుగుతున్నారండి. వాళ్లకి కమిటీ అంటే నేనే," అనేవారు ఆమె.

అనుమతి వచ్చేసరికి వానాకాలం వచ్చింది. పెద్దాయన కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని అప్పుడు తెలిసింది. అప్పటికి ఆయన పోయి నెల. ముందే తెలిస్తే బతికేవాడని చెప్పలేను. మందులైనా మొదలయ్యేవి.

సిస్టరమ్మ ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అడిగి తాగాకే మాట మొదలుపెట్టేవారు. పెద్దాయన ఇంట్లో మాత్రం అడగలేదు.

"పోయినోడికి ఏం చెప్తావమ్మా?" అంది భార్య.

"నీకు చెప్పాలిగా పిన్నీ," అని గడప దగ్గర కూర్చున్నారు. చెప్పాల్సింది చెప్పారు. ఆమె తిట్టినంతసేపూ విన్నారు. లేచి పక్కింటికి వెళ్లారు. ఆ తర్వాత ఏ ఇల్లూ వదల్లేదు.

సోమవారం బాపట్లలో సమాధి చేశాం. పెద్దాయన భార్య, మరికొందరు ఆడవాళ్లు నిజాంపట్నం నుంచి వచ్చారు. ఇంకో దేశపు ఆసుపత్రితో మళ్లీ పరీక్షలు మొదలవుతాయని వాళ్లకు అప్పటికే తెలుసు.

"మళ్లీ రక్తానికి వస్తారంటగా అయ్యా. ఈసారి ఎవరొచ్చి చెప్తారు?" అంది పెద్దాయన భార్య.

మట్టి వేయడం అయిపోయింది. పాస్టరుగారూ వెళ్లిపోయారు. బస్సుకి టైమైందని ఎవరో పిలిచినా, వాళ్లంతా ఎండలో నా ఎదుట అలాగే నిలబడి ఉన్నారు.