టెస్టర్ పెట్టని వైరు

టక్‌మని రిలే స్విచ్చు పడ్డ చప్పుడు వినిపిస్తే చాలు, ఈ రోజుకీ నా ఎడమ చెయ్యి దానంతటదే వెనక జేబులోకి పోతుంది. అమీర్‌పేటలో నేను పాఠం చెప్పే కోచింగ్ సెంటర్‌లో ఆ చప్పుడు రోజూ వింటూనే ఉంటాను. మాస్టారి జేబులోంచి ఏదో పోయిందనుకుంటారు విద్యార్థులు. పోయిన మాట నిజమే. నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను: ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి, దీపానికి వచ్చే రెండు వైర్లలో ఏది కరెంటు తెచ్చే ఫేజో, ఏది తిరిగి తీసుకుపోయే న్యూట్రలో చూడకుండా ఒకదాన్ని కోశాను. నాకు పట్టా ఉంది, పట్టు లేదు.

పట్టున్నవాడు యాదగిరన్న. పంజాగుట్ట వెనక సందులో ఆయన కరెంటు దుకాణం ఒక మంచమంత ఉండేది. ఫోన్‌తో ఇంటి లైట్లు వెలిగించే కోర్సు సెంటర్‌లో మొదలుపెట్టినప్పుడు, నా ధైర్యం ఐదు వోల్టుల దాకానే అని తెలిసొచ్చి, సిగ్గు చంపుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "రా, ఐదు వోల్టుల సారూ, కూసో" అన్నాడు. ఆ పేరే స్థిరపడింది. ఒక రిలే మూత ఊడదీసి చూపించాడు. "జర సూడు. గీ దిక్కు నీ ఐదు వోల్టులు, గా దిక్కు ఇంటి కరెంటు. నీది చుట్టను అయస్కాంతం చేస్తది, అది రేకును గుంజుతది, గంతే. రెండూ ముట్టుకోవు, సైగ చేసుకుంటయ్." బోర్డు మీద ఆ రెంటి నడుమ రంపం బ్లేడుతో సన్నని చీలిక కోసేవాడు, తేమ వచ్చినా కరెంటు ఇవతలికి దాటకూడదని. ఏ వైరు ముట్టే ముందైనా, షాక్ కొట్టినా గుండె మీదుగా పోకుండా ఎడమ చెయ్యి వెనక జేబులో దాచుకుని, టెస్టర్‌ను ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసేవాడు, తర్వాత వైరుకు పెట్టేవాడు, మళ్ళీ ప్లగ్గులో పెట్టేవాడు. 

"మూడోసారి ఎందుకన్నా?"

"నడుమ టెస్టరే సచ్చిపోయిందనుకో? దాన్ని సుత నమ్మొద్దు."

మనిషిని నమ్మొద్దని మాత్రం తనకు తాను చెప్పుకోలేదు.

కొత్త బ్యాచ్ మొదటిరోజు క్లాసు లైట్లు ఫోన్‌తో ఆర్పి చూపించాలన్నారు మా డైరెక్టర్ గారు. సీలింగ్ పెట్టెలో చేతికందిన వైరునే కోసి రిలే బిగించాను. టక్, వెలిగింది. టక్, ఆరింది. చప్పట్లు కొట్టారు, నేనూ పొంగిపోయాను. నేను తెంపింది న్యూట్రల్‌ని. దీపం ఆరినా హోల్డర్‌లో ఫేజ్ అలాగే కూర్చుని ఉంది. వారం తిరక్కుండా ఆ హోల్డర్ వదులైతే యాదగిరన్నను పిలిపించారు. ఆయన మెయిన్ స్విచ్ దించమన్నాడు. "అయ్యో, పక్క క్లాసులో ఆన్‌లైన్ పరీక్ష నడుస్తోందండి. ఫోన్‌తో ఆపేస్తాంగా, ఏంటి భయం?" అన్నారు డైరెక్టర్ గారు. అన్న నిచ్చెనెక్కి టెస్టర్ బయటికి తీశాడు. కిందికి చూశాడు.

"గిది ఎవలు బిగించిన్రు?"

"నేనే అన్నా."

"మా సారేనా? ఇగ ఫికరేంది!" అని టెస్టర్ మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. నేను ఫోన్ నొక్కాను. టక్. ఆ తర్వాత విన్నది నిచ్చెన పడ్డ చప్పుడు.

నడుము విరిగింది. దుకాణం షట్టర్ మళ్ళీ లేవలేదు. ఎర్రగడ్డలో ఆయన ఇంటికి వెళ్తే, "టెస్టర్ వైరుకు గాదు, నీకు పెట్టాల్సుండె" అని నవ్వాడు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. "ముసలాయన కళ్ళు తిరిగి పడ్డారండి" అని డైరెక్టర్ గారు అందరికీ చెబుతుంటే, ఉద్యోగం పోతుందని నేను పక్కనే నిలబడి తల ఊపాను. అదీ అన్న చెవిన పడింది. "నలభై ఏండ్లు నిచ్చెనెక్కిన. కళ్ళు తిరిగినయంట నాకు! నువ్వన్నా చెప్పకపోతివి. గదొక్కటే మనసుకు ఖరాబనిపిస్తది సారూ" అన్నాడు. చెప్తానన్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే వానాకాలంలో ఆయన పోయాడు. ఆయన టెస్టర్‌ను వాళ్ళావిడ నా చేతిలో పెట్టింది. అది ఇప్పటికీ నా చొక్కా జేబులో ఉంటుంది, గుండెకు గుచ్చుకునే వైపు.

వినాల్సినవాడు లేకుండా పోయాకే నాకు నోరు పెగిలింది. ఒక ఆదివారం మెయిన్ దించి, మూడుసార్లు టెస్టర్ పెట్టి, రిలేలన్నీ ఫేజ్ వైరు మీదికి మార్చాను. ఆయన పడ్డచోట హోల్డర్ పక్కన మాత్రం, ఫోన్‌తో పని లేకుండా ఎప్పుడూ వెలిగే చిన్న ఎర్ర దీపం ఒకటి బిగించాను. ప్రతి కొత్త బ్యాచ్ ముందూ డైరెక్టర్ గారు స్వయంగా ఫోన్ నొక్కుతారు. లైట్లన్నీ ఆరుతాయి, అది ఆరదు. ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, అదెందుకు ఆరలేదని. "అక్కడ యాదగిరి అనే మిస్త్రీ పడిపోయాడు. ఆయనకు కళ్ళు తిరగలేదు. తప్పు వైరు కోసింది నేను, మెయిన్ దించనివ్వనిది మన డైరెక్టర్ గారు" అని చెబుతాను. ఆ కోర్సు చెప్పడానికి నేను తప్ప వేరే దిక్కు లేదు కాబట్టి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను.

ఆ ఎర్ర దీపాన్ని పీకించడానికి డైరెక్టర్ గారు పంజాగుట్ట నుంచి ఒకరి తర్వాత ఒకరిగా ముగ్గురు మిస్త్రీలను పిలిపించారు. ముగ్గురూ అన్న దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఎక్కారు, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని చూశారు, దిగారు.

"గది రాదు సార్" అన్నాడు మూడోవాడు, నావైపు చూడకుండా నిచ్చెన మడుస్తూ. "మస్తు గట్టిగ బిగించిన్రు."