నడిమధ్యలో మరక

మూడు కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసిన వెలుగు. దారిలో ఎక్కడా ఆగలేదు. చివరికి హిందూపురంలో మా స్టూడియో దాకా వచ్చింది. ఇక్కడ దానికి ఏ గతి పట్టిందో చెప్తా వినండి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకు మాత్రం ఇంకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

నాది ఫోటో స్టూడియో అని మీకు తెలుసు కదా. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పాస్‌పోర్ట్ సైజులు. నేను తీస్తా, మా ఆవిడ ఈశ్వరి కంప్యూటర్‌లో శుభ్రం చేస్తుంది. నాకు ఈ పని నేర్పింది ఓబులేసు సారు. పని మానేసి ఇప్పుడు ధర్మవరంలో ఉంటున్నారు. సారు రూల్ ఒక్కటే: మరక ఉన్న ఫోటో స్టూడియో గడప దాటకూడదు. ఆ కాలంలో భూతద్దం పెట్టుకుని, సన్న బ్రష్‌తో ఒక్కో చుక్కా చెరిపేవారు. ఇరవై రెండేళ్ళలో నా ఫోటో ఒక్కటీ బాగుందని అనలేదు. చేతికివ్వగానే భూతద్దం తీసి, వేలు పెట్టి, "ఈడేంది?" అనేవారు. చూస్తే అక్కడ నిజంగానే ఏదో ఒకటి ఉండేది. అదీ నా బాధ!

ఇప్పుడు సారుకి కంటి జబ్బు. గ్లాకోమా. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చి, మధ్యలో కొంచెం మిగిలింది. అది కూడా ఎన్నాళ్ళుంటుందో డాక్టర్ చెప్పలేకపోయారు.

ఎండలు మొదలయ్యాక ఒకసారి చూడ్డానికి వెళ్ళా. నా టెలిస్కోప్ పిచ్చి సారుకి తెలుసు. సెకండ్ హ్యాండ్‌ది, బెంగళూరులో కొన్నా. మాటల్లో ఫోన్ తీసి ఒక గెలాక్సీ ఫోటో చూపించా. సాంబ్రెరో అంటారు, అచ్చం అంచు ఉన్న టోపీలా ఉంటుంది. సారు జీవితమంతా ఎండలో టోపీ పెట్టుకుని పెళ్ళిళ్ళు తీసిన మనిషి. ఫోన్‌ని కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు.

"ఎవురు తీసినారప్పా దీన్ని?"

"ఎవరో విదేశాలోళ్ళు సార్."

"నువ్వు తీయి. మన పక్క ఆకాశంలో తీసింది కావాల నాకు. నేను తీసినోళ్ళంతా నాలుగు గజాల దూరంలో నిలబడినోళ్ళే. దూరంది ఒకటి, నా శిష్యుడు తీసింది, ఈ చూపు పోయే లోపల ఒక్కతూరి చూస్తా."

ఆ మాట విన్నాక ఇంట్లో ఎట్లా కూర్చుంటాం చెప్పండి?

హిందూపురంలో వీధి దీపాల కింద చుక్కలే సరిగా కనపడవు. అందుకే పెనుకొండ కొండకి అవతల పక్క, దున్ని వదిలేసిన చేల మధ్య ఒక బండ చూసుకున్నా. మే నెలలో సాయంత్రం చీకటి పడ్డాక, భోజనాల వేళకి ఆ గెలాక్సీ నెత్తి మీదకి వస్తుంది. పదకొండు సాయంత్రాలు వెళ్ళా. ఒకరోజు గాలికి స్టాండ్ ఊగింది. ఒకరోజు దుమ్ము. ఒకరోజు చేను ఆసామి టార్చి వేసుకుని ఉరుకుతూ వచ్చాడు. "ఏమబ్బా, సర్వే చేస్తాండావా? ఈ భూమికి పట్టా ఉండాది!" ఆకాశాన్ని ఫోటో తీస్తున్నా అంటే నమ్మలేదు. పట్టా తెచ్చి చూపించి పోయాడు.

ఇంట్లో ఈశ్వరి ఒకసారి అడిగింది. "దినామూ యాడికి పోతాండావు?"

"పెనుకొండకి. ఫోటోలకి."

"ఎవురివి?"

"దూరపోళ్ళవి" అన్నా. అంతే. విడమరిచి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నవ్వుతుందని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఒక్కో ఫోటోకి అర నిమిషం. అట్లాంటివి రెండు వందల పైన తీసి, కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే అప్పుడు తేలింది! నల్లటి ఆకాశం, చుట్టూ చుక్కలు, నడిమధ్యలో శెనగ్గింజంత మసక. బాగా చూస్తే టోపీ, టోపీకి అంచు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు తెల్లారుజామునే సోమందేపల్లిలో పెళ్ళి. హడావిడిలో ఆ ఫోటోని "అర్జెంట్ ప్రింట్" ఫోల్డర్‌లో వేశా. పెళ్ళికి కెమెరా కార్డు ఖాళీ కావాలి కదా, విడి ఫోటోలన్నీ ఉన్న ఆ కార్డుని ఫార్మాట్ కొట్టి చెరిపేశా. నాలుగు రోజులకి ల్యాబ్ నుంచి ఫ్రేమ్ కట్టి, కాగితం చుట్టి వచ్చింది. విప్పలేదు. ముందు సారు చూడాలి, తర్వాతే నేను. ఎంత గురుభక్తి!

ప్యాసింజర్ రైల్లో ఫ్రేమ్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. ఎదురుగా ఉన్నామె "దేవుని పటమా నాయనా?" అని అడిగింది. "అట్లాంటిదే అమ్మా" అన్నా.

ధర్మవరంలో సారు ముందు కాగితం విప్పా. సారు భూతద్దం తీశారు. చూపు ఇరుకు కదా, పై మూల నుంచి మొదలుపెట్టి మెల్లగా, వరస వరసా చూస్తూ వచ్చారు. నేను పక్కనే నిలబడ్డా. కింది మూలకి వచ్చాక తలెత్తారు.

"ఒక్క మరకా లేదు నాగరాజా."

నా ఛాతీ ఎంత ఉబ్బిందో మీకు చెప్పలేను.

"టోపీ యాడుండాది?"

"ఈడ సార్" అని నడిమధ్యలో వేలు పెట్టా. వేలు కింద నలుపు. వేలు తీసి చూశా. నలుపే. చుక్కలన్నీ ఉన్నాయి. గెలాక్సీ లేదు!

ఈశ్వరికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టా.

"ఓ, అదా! నడిమధ్యలో మబ్బు మాదిరి మరక ఉండె. లెన్సు తుడుచుకో తుడుచుకో అని ఎన్నితూర్లు చెప్పాలప్పా నీకు? శుద్ధంగా తీసేసినా. ఎంతసేపు, రెండు క్లిక్కులు!"

"పాత ఫైలు ఉందా?"

"దాని మీదనే సేవ్ చేసినా. రెండు కాపీలుంటే తికమక అని నువ్వే కదా చెప్పింది? పోయిన నెల పెండ్లికూతురు గదవ మీద చుక్క వదిలినానని ఎంత అరిచినావు! ఇప్పుడు తీసేసినా అరుస్తావా?"

ఆ చుక్క పుట్టుమచ్చ అని తర్వాత తెలిసింది, అది వేరే కథ. ఫోన్ పెట్టేశా.

"ఆ పాపనేమీ అనద్దప్పా" అన్నారు సారు. "మరక కనపడితే తుడిచెయ్యమని నీకు నేర్పింది నేను. ఆ పాపకి నేర్పింది నువ్వు. ముగ్గురం కలిసి తుడిచినాం." ఫ్రేమ్ నా చేతికిచ్చి, "ఇంకోతూరి అవుతాదా?" అని అడిగారు.

కిటికీలోంచి చూశా. పడమర మబ్బులు మొదలయ్యాయి. వానలు పట్టుకుంటే ఇక ఆ గెలాక్సీ వచ్చే ఏడాదే. వచ్చే ఏడాది అనే మాట ఇద్దరం అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దు గూకకముందే స్టూడియో మూసి పెనుకొండకి బయల్దేరా. ఈశ్వరి కూడా వచ్చింది. చీకటి పడ్డాక టెలిస్కోప్ సరిచేసి చూడమన్నా. చూసింది. వెనక్కి జరిగి, కొంగుతో అద్దం తుడిచి, మళ్ళీ చూసింది.

"పోలేదే!"

"పోదు. అది అద్దం మీద లేదు. వెలుగుకే మూడు కోట్ల సంవత్సరాలు పట్టే దూరంలో ఉంది. సారు చూడాలనుకునేది దాన్నే."

చాలాసేపు కన్ను తీయలేదు. "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అంది మెల్లగా. మీ అందరికీ టీ కొట్టు దగ్గర వంద సార్లు చెప్పా. ఆమెకి మాత్రం చెప్పలేదు.

అర గంటలో మబ్బు కమ్మేసింది. పనికొచ్చేవి పదిహేడు ఫోటోలే. పేరిస్తే ఇసక చల్లినట్టు వచ్చింది. ఒక అంచు తెల్లగా పాలిపోయింది. నడిమధ్యలో మాత్రం మసక, శెనగ్గింజలో సగం. ఈశ్వరి తనే ఆ ఫైలుకి "తుడవద్దు" అని పేరు పెట్టి, ల్యాబ్ వాళ్ళ పక్కన కూర్చుని ప్రింట్ తీయించింది.

మళ్ళీ ధర్మవరం. మళ్ళీ భూతద్దం. సారు చెయ్యి మెల్లగా జరుగుతూ, నడిమధ్యకి వచ్చి ఆగింది. వేలు పెట్టారు.

"ఈడేంది?"

ఇరవై రెండేళ్ళ అలవాటు! నా నోరు నా మాట వినలేదు. "సారీ సార్, ఇప్పుడే తుడిచేస్తా" అనేశా.

సారు ఫ్రేమ్‌ని రెండు చేతులా ఎదకి హత్తుకున్నారు. "ముట్టుకుంటే చేతులు ఇరగ్గొడ్తా" అన్నారు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ భూతద్దం పెట్టుకుని, "బాగుండాదప్పా" అన్నారు.

అదండీ సంగతి. ఇరవై రెండేళ్ళకి గురువు నోట ఒక్క "బాగుండాది" సంపాదించా. ఏ పెళ్ళి ఫోటోకో కాదు, మరకకి!