ఆఖరివాడి కోసం

ఆ ఆదివారం పొద్దున్నే బడ్జ్ బడ్జ్ లోకల్ రైలు ఎక్కాను. చుట్టూ బెంగాలీ మాటల మధ్య నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని, ఎదుటి సీట్లోని పెద్దాయన నా పరుగు బూట్ల వైపు చూశాడు. ఆయనవి ఓడరేవులో బరువులు మోసి కాయలు కాసిన చేతులు.

"ఏటి బాబూ, గంగ గట్టు మీద పరిగెత్తడానికేనా?"

అవునన్నాను. మా జట్టు జనపనార మిల్లుల వెనక, నది అంచునే పరిగెత్తి, ఘాట్ దగ్గర టీ తాగుతుంది.

"మా వోడూ అక్కడే పరిగెత్తీవోడు. ఎప్పుడూ ఆఖరే. ఓ రోజు దార్లో పడిపోనాడు. ముందు చేరినోళ్లు టీ తాగేసి ఇళ్లకెల్లిపోనారు. మద్దేనం దాకా ఎవులికీ తెలీలేదు."

మళ్లీ నా బూట్ల వైపు చూసి అడిగాడు. "మీరు ఆఖరోడు వచ్చీవరకూ ఆగుతారా?"

"ఆగుతాం బాబాయ్," అన్నాను.

"అలాగే ఆగండి," అని కిటికీ వైపు తిరిగాడు.

మేమెప్పుడూ ఆగలేదు. ముందు చేరినవాడు టీ తాగి వెళ్లిపోతాడు. ఆ ముందు చేరేవాణ్ణి చాలాసార్లు నేనే.

ఆ రోజూ నేనే. మేం దాదా అని పిలిచే టీకొట్టతను మట్టి కప్పు అందించాడు. తాగకుండా బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను.